గుడ్‌వుడ్ రివైవలా, మిల్లే మిలియానా?

పాత రేసు కార్ల విషయంలో నా ఓటు గుడ్‌వుడ్‌కే. ఇంగ్లండ్‌లోని ఈ ట్రాక్ 1948లో మొదలై 1966లో మూతపడింది. 1998 నుంచి ‘గుడ్‌వుడ్ రివైవల్’ పేరుతో ఆ కాలపు కార్లే ఇక్కడ మళ్లీ పోటీ పడుతున్నాయి. ఊరేగింపు కాదు, నిజం రేసు. మలుపులో సన్నటి టైర్లు జారుతుంటే డ్రైవర్ స్టీరింగ్‌ని ఎదురు తిప్పి కారును నిలబెట్టుకుంటాడు. అంత ఖరీదైన కారుకు సొట్ట పడితే? పడుతుంది కూడా!

ఇటలీలో మామూలు రోడ్ల మీద సాగే మిల్లే మిలియా రేసు కథ వేరు. బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి తిరిగి రావాలి, సుమారు 1,600 కిలోమీటర్లు. 1955లో బ్రిటిష్ రేసర్ స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల్లో ముగించాడు. ఇంజిన్ హోరులో మాట వినపడదని, పక్క సీట్లో దారి చెప్పే జెంకిన్సన్ దారి వివరాలు రాసుకున్న పొడవాటి కాగితపు చుట్ట చూస్తూ చేతి సైగలతోనే మలుపులు చెప్పాడు. 1957లో ఘోర ప్రమాదంతో రేసు ఆగింది. 1977లో తిరిగొచ్చాక వేగం కాదు, ఒక్కో దూరాన్ని నిర్ణయించిన సమయానికే ముగించే సమయపాలనే లెక్క. చరిత్ర ఇక్కడే ఎక్కువ, టెన్షన్ మాత్రం తక్కువ.