కుట్ర నిజమా? నమ్మకం ఏం చేసింది? చరిత్రలో ఏ ప్రశ్న మేలు

1678లో ఇంగ్లండు రాజును చంపడానికి కాథలిక్కులు కుట్ర పన్నారని టైటస్ ఓట్స్ అనే మనిషి ప్రమాణం చేసి మరీ చెప్పాడు. అంతా కల్పన. అతని మాట మీద నిరపరాధులను ఉరితీశారు. 1685లో అతనికే తప్పుడు సాక్ష్యం కింద శిక్ష పడింది. కుట్ర నిజమా అని తేల్చే పద్ధతికి ఇక్కడితో పని అయిపోతుంది. కానీ ఆ భయంలోనే కాథలిక్కులను పార్లమెంటుకు దూరం చేస్తూ తెచ్చిన చట్టం 1829 దాకా నిలిచింది. దాని కారణం తెలియాలంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు నమ్మారని వెతకాలి. ఇది రెండో పద్ధతి.

దీని సత్తా 1857 సిపాయిల తిరుగుబాటులో బాగా కనబడుతుంది. సిపాయిలకిచ్చే కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకుల తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పుట్టింది. జిడ్డు మీరే పూసుకోండి అంది ఈస్టిండియా కంపెనీ. తర్వాత, పళ్లతో కొరకనక్కర్లేదు, చేత్తో చింపండి అంది. ఒక్కో సడలింపూ అనుమానాన్ని ఇంకా పెంచింది: తప్పేమీ లేకపోతే పద్ధతి ఎందుకు మారుస్తారు? ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది సవార్లు (గుర్రపు దళ సిపాయిలు) ముట్టుకోనన్నవి పాతరకం తూటాలే! కొవ్వును ఎంత పరీక్షించినా ఆ రోజు అర్థం కాదు. మే 10న తిరుగుబాటు లేచింది.

కారణం వెతికేవారికి రెండో పద్ధతే మేలు. అయితే అది రెండు చోట్ల దారి తప్పుతుంది. అన్నిటినీ పుకారు మీదికి నెట్టేస్తే 1856లో అవధ్‌ను కలిపేసుకోవడం, అదే ఏడాది కొత్తగా చేరే సిపాయిలు సముద్రం దాటాల్సిందేనన్న నిబంధన మరుగున పడతాయి. పుకారు వేళ్లూనింది ఆ కోపంలోనే. రెండోది, నిజమైన కుట్రను భ్రమగా కొట్టేయడం. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు ప్రభుత్వ వైద్యులు చికిత్స ఇవ్వకుండా గమనించారు, పెన్సిలిన్ వచ్చాక కూడా. ఇక్కడ మొదటి ప్రశ్నను వదిలేయడం బాధితులకు అన్యాయం.

పని మొదలుపెట్టేటప్పుడు మూడు తేదీలు పక్కపక్కన రాసుకోవాలి: పుకారు పుట్టినది, అధికారులు స్పందించినది, జనం కదిలినది. కదలిక పుకారుకన్నా ముందుంటే పుకారు సాకు మాత్రమే. సాక్ష్యంగా ఆనాటి ఉత్తరాలు, ఉత్తర్వులు, డైరీలనే ముందు చూడాలి. ఏళ్ల తర్వాత రాసిన జ్ఞాపకాల్లో ఫలితం తెలిసిన మనిషి మాట్లాడతాడు, నమ్మిన క్షణంలోని మనిషి కాదు.