మూడు ఎండాకాలాలు, గేర్లు లేని సైకిలు, గోదావరి గట్టు

రాజమండ్రిలో ఎండాకాలం సైకిలేంటి, వడదెబ్బ తగలదా అని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా, తొమ్మిది దాటాక రోడ్డు మీదే ఉంటే తగులుతుంది. అయిదింటికి బయలుదేరి ఆలోపు నీడకు చేరేవాళ్లకి మాత్రం ఏప్రిల్, మే నెలలంత మంచి కాలం లేదు.

నాది గేర్లు లేని మామూలు బండి. కొన్నప్పుడు గేర్లది తీసుకోమన్నారు, డెల్టా అంతా చదునే కదా అని వద్దన్నాను, ఇప్పటికీ అదే మాట మీదున్నా. ఏటిగట్టు ఎక్కేచోట లేచి నాలుగు తొక్కులు తొక్కితే చాలు. మూడేళ్లలో మార్చినవి రెండు టైర్లు, ఒక చైను. సీటు మాత్రం బాగోలేదు, నడుం పట్టేసేది, రెండో నెలలోనే వెడల్పుది వేయించాను. ఇంకొకటి, గాలి. టైరు రాయిలా ఉండాలని మొదట్లో నిండా కొట్టించేవాణ్ణి. పంక్చర్ షాపు పెద్దాయన "ఎండలో తిరిగే బండికి అంత గాలి వద్దండి బాబూ, ట్యూబు పేలిపోద్ది" అన్నాడు. విన్లేదు, వారం తిరక్కుండానే పేలింది.

పుష్కర ఘాట్ దగ్గర మొదలుపెడతాను. పొద్దు మన వెనక, ఊరి వైపు నుంచి వస్తుంది, ఆ వెలుగు ముందు హేవలాక్ వంతెన ఇనుము మీద పడి తర్వాత నీళ్ల మీదికి దిగుతుంది. 1997లోనే రైళ్లు ఆగిపోయాయి కాబట్టి ఆ వంతెన మీద చప్పుడుండదు. రోడ్డు రైలు వంతెన మీదకి మాత్రం సైకిలుతో వద్దు. ఒక్కసారి వెళ్లాను, బస్సు రాసుకుంటూ పోయింది, చేతులు వణికాయి.

టైము తక్కువుంటే కడియపులంక చాలు. నర్సరీల్లో పొద్దున్నే నీళ్లు పెడతారు, అక్కడికి రాగానే చల్లదనం ఒంటికి తగులుతుంది.

అసలు దారి ధవళేశ్వరం మీదుగా. 1852లో కాటన్ పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ ఇది. మొదటి భాగంలో 70 గేట్లు, ర్యాలి భాగంలో 43. వెళ్తుంటే కుడిచేతి వైపు నిండుగా గోదారి, ఎడమచేతి వైపు వట్టి ఇసుక తిన్నెలు, అంత తేడా ఎండాకాలంలోనే కనిపిస్తుంది. ఆ రెండు భాగాలూ దాటితే బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలువ వెంట కొబ్బరిచెట్ల నీడలో ఆత్రేయపురం. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, దిగి నడిపించండి. పూతరేకులు కొనేముందు ఒక్క రేకు తీయడం చూడండి, బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డ అలా పరిచి లాగేసరికి కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది.

మధ్యాహ్నం అక్కడే ఆగి, అయిదింటికి తిరుగుముఖం పడతాను. అప్పటికి పైరగాలి లేస్తుంది, ఊరి వైపు వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, ఎంత అలిసినా బండి దానంతటదే పోతున్నట్టుంటుంది.

ఈ నెలల్లో కాలువలు కట్టేస్తారు కాబట్టి పచ్చదనం తక్కువ, ఇది చెప్పాల్సిన లోటే. కానీ పోయినేడు జూన్‌లో నీళ్లు వదిలినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. ఎండిన కాలువలో ఎండుటాకుల్ని, కొబ్బరి మట్టల్ని ముందుకు నెట్టుకుంటూ నీటి మొన మనిషి నడిచినంత నెమ్మదిగా వచ్చింది. సైకిలు దిగి తర్వాతి వంతెన దాకా దాని పక్కనే నడిచాను.