జేబులో ఇసుక, ఫోన్ మీద గ్లాసు

నేను సైట్ ఇంజనీర్‌ని. సాయంత్రం ఇంటికొచ్చి ప్యాంటు జేబులు తిరగేస్తే చెంచాడు ఇసుక రాలుతుంది. ఫోన్ రోజంతా ఉండేది ఆ జేబులోనే. ఏడేళ్లలో మూడు ఫోన్లు వాడాను, పదకొండు టెంపర్డ్ గ్లాసులు మార్చాను. మధ్యలో ఒక ఫోన్‌ని పంతానికి పోయి 14 నెలలు ఏ గ్లాసూ లేకుండా వాడాను. స్క్రీన్ గార్డ్ దండగ అనేవాళ్లూ, లేకపోతే ఫోన్ గోవిందా అనేవాళ్లూ మా ఆఫీసులోనే ఉన్నారు. నేను రెండు వైపులా ఉండి వచ్చాను.

ముందు ఆ 14 నెలల సంగతి. ఫోన్ డబ్బా మీద గొరిల్లా గ్లాస్ అని ఉంది. ఈ గాజును కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. కిక్కిరిసిన బస్సులోలాగ పైపొర బిగుసుకుపోతుంది. ఇంత కష్టపడి తయారుచేసిన గాజు మీద మళ్లీ నూట యాభై రూపాయల గాజు ఎందుకు అనుకున్నాను. కొన్న రోజే ధైర్యం చేసి తాళంచెవితో ఒక మూల గీశాను. ఏమీ కాలేదు. మా ఆవిడ చూసి దండం పెట్టింది.

మూడో నెలలో ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి డ్రాయింగ్ చూస్తుంటే, పక్కనుంచి పడ్డ ఎండలో స్క్రీన్ నిండా వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. తాళంచెవి చేయలేని పని ఇసుక చేసింది. తాళంచెవి లోహం గాజుకన్నా మెత్తన. ఏది దేన్ని గీయగలదో 1 నుంచి 10 దాకా అంకెల్లో చెప్పే మోస్ కాఠిన్య స్కేలులో, ఫోన్ గాజు మీద 6 దగ్గర సన్న గీతలు మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా పడతాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ సరిగ్గా 7. పైగా మేం వాడేది రోబో శాండ్. ఏటి ఇసుకైతే నీళ్లలో దొర్లి దొర్లి కాస్త నునుపుగా ఉంటుంది. ఇది క్రషర్‌లోంచి పదునైన అంచులతో వస్తుంది. జేబులో ఫోన్ పెట్టుకుని మెట్లెక్కడమంటే దానికి గరుకు కాగితం పెట్టి రుద్దడమే.

అదే మోడల్ ఫోన్ మా ఆవిడకీ ఉంది. ఆమెది బ్యాంకులో ఉద్యోగం, ఫోన్‌కి హ్యాండ్‌బ్యాగులో వేరే అర. గ్లాసు లేకుండానే రెండేళ్లు వాడింది. వెతికితే రెండు గీతలు కనిపిస్తాయేమో.

పద్నాలుగో నెలలో నా ఫోన్ నడుము ఎత్తునుంచి జారి ఫ్లోరింగ్ మీద పడింది. అంతకుముందు అంతకన్నా ఎత్తునుంచి పడ్డా ఏమీ కాలేదు. ఈసారి అడ్డంగా పగిలింది. పాత గీత దగ్గరే పగులు మొదలైందని ప్రమాణం చేయలేను కానీ, నాకు ఆ అనుమానం పోలేదు. కిటికీలకు అద్దాలు కోసేవాళ్లను రోజూ చూస్తాను. కట్టర్‌తో పైన సన్నగా ఒక గీత గీసి రెండు చేతుల్తో కొద్దిగా వంచితే చాలు, చిటుక్కున అక్కడికే విరుగుతుంది. గాజు బలమంతా దాని పైపొరలోనే. గీతలు పడ్డ గాజు అంతకుముందున్న గాజు కాదు. కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి మార్చడానికి 9,500 అయింది. పదకొండు గ్లాసులకీ కలిపి అందులో ఐదో వంతు కూడా పెట్టలేదు.

అలాగని గ్లాసు వేస్తే పడినా పగలదని నమ్మకండి. ఫోన్ ఎక్కువగా మూలమీద పడుతుంది, గ్లాసేమో అంచుకి మిల్లీమీటరు ఇవతలే ఆగిపోతుంది. మూలని కాపాడేది వెనక కేసు, దాని ఎత్తైన అంచు. గ్లాసు పగిలినప్పుడల్లా "హమ్మయ్య, డిస్‌ప్లే బతికింది" అనుకుంటాం. నా పదకొండులో ఆరు పగిలాయి. వాటిలో రెండే నిజంగా దెబ్బ కాచుకున్నాయని నా లెక్క: రెండుసార్లూ ఫోన్ బోర్లా కంకర మీద పడింది. మిగతా నాలుగూ అసలు గాజుకి చీమ కుట్టినట్టు కూడా ఉండని దెబ్బలకే పోయాయి. మూడో వంతు మిల్లీమీటరు మందం గాజు మరి.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో గ్లాసు కొన్నప్పుడల్లా వినపడే మాట: "అన్నా, ఇది 9హెచ్. వజ్రం 10 కదా, దాని కింద ఇదే." కాదు. 9హెచ్ పెన్సిల్ లెక్క. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్లు చెక్కినవాళ్లకి తెలుసు. ఆ గట్టిదనం ఉన్న పెన్సిల్‌తో గీసినా గీత పడదు అని మాత్రమే దానర్థం. వజ్రానికి 10 ఇచ్చేది ఇందాకటి మోస్ స్కేలు, అది వేరు. 11డి, 21డి కూడా అమ్ముడుపోవడానికి పెట్టిన పేర్లే. ధర పెరిగేకొద్దీ నాకు తేడా తెలిసింది ఒక్కచోటే, పైన పూసే జిడ్డంటని పూతలో. చవక గ్లాసు మీద నెల తిరగకుండా వేలు పట్టేసినట్టు ఆగిపోతుంది.

నాకు పెద్ద దెబ్బ తగిలింది మాత్రం యూవీ గ్లాసుతో. మూడో ఫోన్‌కి అంచులు వంపు తిరిగి ఉంటాయి, మామూలు గ్లాసు నిలవదు. జిగురు పోసి, గ్లాసు పరిచి, నీలం లైటు కింద గట్టిపరిచారు. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేస్తే బావిలోంచి మాట్లాడినట్టుంది. ఇయర్‌పీస్ జాలీలోకి జిగురు కారి గడ్డకట్టింది. షాపతను "ముందునుంచే అట్లుంది సార్" అన్నాడు. ఆ వంపు అంచుల ఫోన్‌ని అమ్మి చదునైన స్క్రీన్ ఉన్నది కొనే ఆలోచన ఇప్పటికీ ఉంది.

స్క్రీన్ లోపల వేలిముద్ర సెన్సర్ ఉంటే, గ్లాసు మార్చిన ప్రతిసారీ పాత ముద్రలు తీసేసి కొత్తగా నమోదు చేసుకోవాలి. ముఖ్యంగా ధ్వని తరంగాలతో వేలిని చదివే అల్ట్రాసోనిక్ రకానికి. 2019లో గెలాక్సీ ఎస్10 మీద కొన్ని సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలికైనా ఫోన్ తెరుచుకున్న గొడవ, దానికి శాంసంగ్ అప్‌డేట్ ఇవ్వడం గుర్తుండే ఉంటుంది. పక్కవాళ్లకి స్క్రీన్ కనపడనివ్వని ప్రైవసీ గ్లాసు మూడు వారాలకే పీకేశాను. డ్రాయింగ్ చూపించాలంటే మేస్త్రి నా భుజం మీద గడ్డం ఆనించాల్సి వచ్చేది.

ఇసుకలో, దుమ్ములో తిరిగేవాళ్లు, బండి మీద డెలివరీలు చేసేవాళ్లు, పిల్లలకి ఫోన్ ఇచ్చేవాళ్లు మామూలు గ్లాసు వేయించి ఆర్నెల్లకోసారి మార్చుకోండి. మా ఆవిడలా ఏసీ గదిలో కూర్చునేవాళ్లకి మంచి కేసు చాలు.

చదునైన స్క్రీన్లకైతే ఈమధ్య ఇంట్లోనే వేస్తున్నాను, స్నానం అయ్యాక బాత్‌రూమ్‌లో, ఫ్యాన్ లేకుండా. ఆవిరికి గాల్లో దుమ్ము అణుగుతుంది. నడిమధ్య వేలు పెడితే జిగురు అంచులదాకా నల్లగా పాకుతూ పోవడం చూడ్డానికి బావుంటుంది. మొన్న మా ఆవిడ పట్టుబట్టి తన ఫోన్‌కీ వేయించుకుంది. అంతా అయ్యాక చూస్తే కెమెరా పక్కన పొడవాటి వెంట్రుక ఒకటి లోపల ఉండిపోయింది. నాది కాదు, నాకు అంత జుట్టు లేదు. తీసి మళ్లీ వేస్తానంటే వద్దంది.