వరుసలో చివర నడిచి చూసిన గుట్టలు

గత నవంబరు నుంచి ఈ ఆగస్టు వరకు హైదరాబాద్‌లోని రెండు ట్రెక్కింగ్ క్లబ్బులతో కలిసి భువనగిరి, రాచకొండ, కోయిల్‌కొండ, అనంతగిరి గుట్టలు ఎక్కాను. మొదటి మూడూ ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరే ప్రయాణాలు. అనంతగిరికి మాత్రం ముందు రోజు సాయంత్రమే చేరుకొని కొండ మీద బస చేశాం. నాకు 47 ఏళ్లు. దిగేటప్పుడు ఎడమ మోకాలు మొరాయిస్తుంది, అందువల్ల ఎక్కడికి వెళ్లినా వరుసలో అందరికన్నా చివర ఉండేది నేనే. ఒక క్లబ్బు తనను నమ్మి వచ్చిన మనుషులను ఎలా చూసుకుంటుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని ఈ నాలుగు ప్రయాణాల్లో నాకు అర్థమైంది. ఒకరోజు ట్రెక్కుకు మొదటిసారి వెళ్లాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా నాలాగా మెల్లగా నడిచేవాళ్లకు ఉపయోగపడుతుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

భువనగిరితో మొదలుపెట్టడం నా అదృష్టం. వరంగల్ రహదారి మీద హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే ఉంటుంది, రైల్లోనైనా బస్సులోనైనా వెళ్లవచ్చు. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యునికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆయన పేరు మీదనే ఇది త్రిభువనగిరి అయి, తరువాత భువనగిరిగా నిలిచింది. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఒకే బండ కాబట్టి దారి తప్పే భయం లేదు, అయితే ఒకే బండ కావడమే ఇక్కడి కష్టం కూడా. మెట్లు అయిపోయాక నున్నటి రాతి వాలు మీద నడవాలి, ఎండ ఎక్కితే ఆ రాయి కింది నుంచి కూడా కాలుస్తుంది. మా లీడర్ కోట గేటు తెరిచే వేళ ముందే కనుక్కొని, దానికి తగ్గట్టు ఉప్పల్ నుంచి బయలుదేరే సమయం నిర్ణయించారు. రాతి వేడి పెరగకముందే పైకి చేరాలన్నది ఆయన లెక్క.

గుట్ట కింద ఆయన చేసిన మొదటి పని నాకు బాగా గుర్తుండిపోయింది. వచ్చిన 17 మందినీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ కాలు వెనక్కి మడవమని, బూటు అడుగును బొటనవేలితో నొక్కి చూశారు. ఇద్దరి బూట్లు అరిగి నున్నబడి ఉన్నాయి. వాళ్లను ఇంటికి పంపలేదు, పైకి వద్దని నిరుత్సాహపరచనూ లేదు. "మీరిద్దరూ నా వెనకే నడవండి, వాలు దగ్గర నేను ఎక్కడ కాలు పెడితే అక్కడే పెట్టండి" అని చెప్పి ముందుకు కదిలారు. అప్పటికి పది నిమిషాలు గడిచాయి. తొందర పడుతున్న కుర్రవాళ్లు కొందరు విసుక్కున్నారు కానీ, తిరిగి దిగేటప్పుడు ఆ పది నిమిషాల విలువ అందరికీ తెలిసింది.

ట్రెక్కింగ్ చేసేవాళ్లు ముందు నడిచే మనిషిని లీడ్ అని, అందరి వెనక నడిచే మనిషిని స్వీప్ అని అంటారు. ఆ రోజు స్వీప్‌గా వచ్చిన అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయేమో. భుజాన ఒక తాడు, ప్రథమ చికిత్స సంచి, తన నీళ్లు కాక మరో రెండు లీటర్ల నీళ్లు మోస్తున్నాడు. నేను ఆయాసంతో ఆగిన ప్రతిసారీ అతను కూడా నాకు రెండు మెట్ల కింద ఆగి, ముఖం అటు తిప్పి ఊరివైపు చూస్తూ నిలబడేవాడు. వెనక ఎవరో ఎదురుచూస్తున్నారన్న బరువు నా మీద పడకుండా అలా చేశాడని పైకి చేరాక గానీ నాకు తట్టలేదు. నేను నడక మొదలుపెడితేనే అతను కదిలేవాడు, ఒక్కసారి కూడా నన్ను దాటి ముందుకు పోలేదు.

పైన పాడుబడిన మహలు నీడలో పులిహోర, దద్దోజనం తిన్నాం. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోవాలని, కాగితం ముక్క కూడా పైన వదలకూడదని ముందే చెప్పారు. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కడానికి ముందు బండలెక్కడం నేర్చుకున్నది ఈ గుట్ట మీదనే. 2014 మే 25న ఆమె శిఖరం చేరేనాటికి వయసు 13 ఏళ్లే. ఆ సంగతి లీడర్ చెబుతున్నప్పుడు మాతో వచ్చిన ఇద్దరు పిల్లలు తినడం ఆపేసి, వచ్చిన దారివైపు కాసేపు చూస్తూ ఉండిపోయారు. మొత్తం మీద నాకైన ఖర్చు కారులో వాటాతో కలిపి 450 రూపాయలు. ఆడవాళ్లకు దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో బయలుదేరకముందే సందేశంలో రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, అది తెలియక నీళ్లు తాగడం మానేసి ఎండలో నీరసించిపోయే ఆడవాళ్లను నేను ఎరుగుదును.

రాచకొండకు వేరే క్లబ్బుతో వెళ్లాను. స్థలం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ నాలుగింటిలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది అదే. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధానిగా చేసుకున్న ఈ కోట గోడల్లో సున్నం లేదు, మట్టి లేదు. మనిషి ఎత్తు రాళ్లను చెక్కి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టారు, వాటి బరువే వాటిని పట్టి ఉంచుతున్నది. హైదరాబాద్ తూర్పు శివార్ల పోలీసు కమిషనరేటుకు 2016లో ఈ పేరే పెట్టారు కాబట్టి నగరవాసులు ఏళ్ల తరబడి పోలీసు బండ్ల మీద చదివిన పేరు ఇది, కానీ ఆ పేరుగల కోటను చూసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో చాలా తక్కువ. సీతాఫలం పొదల మధ్య మేకలు నడిచిన సన్నటి దారులే దారులు. మేం వెళ్లిన వైపు దారి చూపే బోర్డు గానీ తాగునీరు గానీ కనిపించలేదు. ఫోన్ సిగ్నల్ ఒక బండ మీద వస్తే మరో బండ చాటున పోతుంది.

ఇలాంటి చోటికి ఆ క్లబ్బు 38 మందిని రెండు వ్యాన్లలో తీసుకువచ్చింది. పేర్ల జాబితా ఫోన్‌లో ఉందన్నారు, దిగాక లెక్కపెట్టలేదు. లీడర్ చురుకైన కుర్రవాళ్లతో ముందుకు సాగిపోయాడు. స్వీప్ ఎవరని అడిగితే, అందరం కలిసే వెళ్తున్నాం కదా అన్నారు. రెండో గోడ దాటాక దారి రెండుగా చీలింది. ముందువాళ్ల మాటలు వినిపించినట్టే అనిపించి మేం ముగ్గురం ఎడమవైపు నడిచాం. నాతో ఉన్నవాళ్లు మొదటిసారి కొండెక్కుతున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. అరగంట నడిచినా మనిషి జాడ లేదు. నా దగ్గర అర లీటరు నీళ్లు, వాళ్ల దగ్గర ఒక్క సీసా మిగిలాయి. అదృష్టం కొద్దీ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన కనిపించి, "ఆ దిక్కు తొవ్వ లేదు బిడ్డా, నా ఎంబడి రండ్రి" అని తన పని విడిచిపెట్టి, మా ముందు నడుస్తూ, ముళ్ల కొమ్మలను చేతికర్రతో తొలగిస్తూ కింద తండా దాకా తీసుకువచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, ఒక ఇంటి ముందు కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు ఇప్పించారు.

మేం చేరేసరికి ఒక వ్యాను వెళ్లిపోయింది. మేం రెండో వ్యానులో ఉన్నామని మొదటి వ్యానువాళ్లు, మొదటి వ్యానులో వెళ్లామని రెండో వ్యానువాళ్లు అనుకున్నారట. రెండో వ్యాను కూడా బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, కేవలం డ్రైవరు టీ తాగడం ముగించనందువల్ల మాకు దొరికింది. నేను అడిగితే నిర్వాహకుడు నొచ్చుకుంటూనే, "ఇది వాలంటీర్లు నడిపేది కదా మేడం, అన్నీ చూసుకోలేం" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. జీతం తీసుకోకుండా ఆదివారాన్ని నలుగురి కోసం ఇచ్చేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, భువనగిరికి తీసుకువెళ్లినవాళ్లూ వాలంటీర్లే. మనుషులను లెక్కపెట్టడానికి డబ్బు అక్కరలేదు, వ్యాను కదిలే ముందు రెండు నిమిషాలు ఆగితే చాలు. పైగా ఈ ప్రయాణానికి మా దగ్గర తలా 700 రూపాయలు తీసుకున్నారు.

రాచకొండకు వెళ్లవద్దని నేను అనడం లేదు, తప్పకుండా వెళ్లమంటాను. 20 మందికి మించని గుంపుతో, తలా మూడు లీటర్ల నీళ్లతో, తండాల్లో దారి తెలిసిన మనిషిని ఒకరిని పగటి కూలి ఇచ్చి వెంట తీసుకొని వెళ్లాలి. ఆ కూలి క్లబ్బు ఖర్చులో ముందే కలిపి ఉండాలి.

కోయిల్‌కొండ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మహబూబ్‌నగర్ జిల్లాలో కుతుబ్‌షాహీల కాలపు గిరిదుర్గం, ఒకదాని వెనక ఒకటిగా వచ్చే రాతి ద్వారాలు, వాటి మధ్య ఏటవాలు మెట్లు చక్కగా ఉన్నాయి. కానీ హైదరాబాద్ నుంచి వెళ్లి రావడానికే మాకు దాదాపు ఆరు గంటలు పట్టింది, కొండ మీద గడిపింది మూడు గంటలు. మహబూబ్‌నగర్‌లో బంధువులుంటే ముందు రాత్రి అక్కడ పడుకొని వెళ్లడం మేలు.

ఈ మధ్యలో నల్లమలలో ఒకరోజు నడక అని ఒక ప్రకటన కనిపించింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన ఇష్టం వచ్చినట్టు నడవడానికి వీల్లేదు, అటవీ శాఖ అనుమతి కావాలి. అదే అడవిలో శివుడి జాతర జరిగే సలేశ్వరం లోయలోకి కూడా ఏడాదిలో చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్ది రోజులే జనాన్ని వదులుతారు. "వత్తున్నం లింగమయ్యా" అంటూ దిగి, "పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కే ఆ జనంలో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. మా అమ్మ తన చిన్నతనంలో వెళ్లినప్పుడు ఊరివాళ్లంతా ఒకే తాడు పట్టుకొని దిగారని చెప్పేది. గుంపుగా కొండలెక్కడం మనకు క్లబ్బులు నేర్పిన విద్య కాదు. అనుమతి పత్రం చూపించమని నేను ఆ ప్రకటన ఇచ్చినవాళ్లను అడిగాను. అక్కడికి వెళ్లాక చూసుకుందామన్నారు. నేను వెళ్లలేదు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి అడవిలో ట్రెక్కుకు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకొని 20 మందికి పైగా చనిపోయారు. లోపల ఎవరున్నారో అటవీ శాఖకు కచ్చితంగా తెలియకపోతే, మంట లేచినప్పుడు ఎవరి కోసం వెతకాలో కూడా తెలియదు. అనుమతి అన్నది రుసుము కట్టే తంతు కాదని, మన పేరు మరొకరి దగ్గర రాసిపెట్టి వెళ్లడమని నేను అనుకుంటాను.

అనంతగిరికి మళ్లీ భువనగిరి క్లబ్బుతోనే వెళ్లాను. శనివారం మధ్యాహ్నం రైలెక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగి, ఆటోల్లో కొండ మీదికి చేరాం. రోడ్డు ప్రయాణం కన్నా ఇది చవక, వానాకాలంలో వారాంతాల్లో ఆ ఘాటు దారి మీద కార్లు బారులు తీరే గొడవ కూడా ఉండదు. బస విషయంలో మాత్రం నాకు తృప్తి కలగలేదు. గది నుంచి లోయ బాగానే కనిపించింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ పక్క ఆవరణలో అర్ధరాత్రి దాకా పాటలు మోగాయి, ఉదయం ఆరింటికి ఇస్తామన్న ఉప్మా ఏడున్నరకు గానీ రాలేదు. చల్లదనం ఉండగానే మొదలవ్వాల్సిన నడక ఆ మేరకు ఆలస్యమైంది. బసతో కలిపి అయిన 2,100 రూపాయలలో సగానికి పైగా ఆ గదికే పోయింది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజాము రైలు పట్టుకోగలిగినవాళ్లకు ఆ రాత్రి బస అవసరం లేదని నా అభిప్రాయం.

నడక మాత్రం నేను కోరుకున్నట్టే సాగింది. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర దర్శనం చేసుకొని, మెట్లు దిగి, తడి ఆకుల మీదుగా అడవిలోకి వెళ్లాం. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. ఒకచోట రాళ్ల సందు నుంచి అరచేతి వెడల్పు ధార పారుతుంటే లీడర్ అందరినీ ఆపి, ఇలాంటి ధారలే కలిసి మూసీ అయి, హైదరాబాద్ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని చెప్పారు. మా ఇల్లు చాదర్‌ఘాట్ వంతెనకు దగ్గర. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ వైపు కిటికీలు మూసుకొనే బతుకుతున్నాం. నేను వంగి ఆ నీళ్లలో వేళ్లు ముంచాను. చల్లగా ఉన్నాయి, అడుగున ఉన్న ఇసుక రేణువులు కూడా కనిపిస్తున్నాయి. ఏ వాసనా లేదు.

ఈ ట్రెక్కులో స్వీప్‌గా ఉండమని లీడర్ ముందు రోజే నన్ను అడిగారు. మోకాలి సంగతి గుర్తుచేస్తే, అందుకే అడుగుతున్నానన్నారు. మా 19 మందిలో ఆ రోజు చివర నడిచింది 64 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ. ప్రతి ఎక్కుడు దగ్గరా ఆగి, "మీరు ముందు నడవండమ్మా, నేను మెల్లగా వస్తాను" అనేవారు. "నా చోటు మీ వెనకే మేడం, మీరు కూర్చుంటే నేనూ కూర్చుంటాను" అని చెప్పాను. మూడోసారి ఆగినప్పుడు ఆమె ఇక ఏమీ అనలేదు. నేను రెండడుగులు కింద నిలబడి, ముఖం అటు తిప్పి, చెట్ల మీద వాన చినుకులు ఆరడం చూస్తూ ఉన్నాను. స్టేషన్‌లో రైలు వచ్చే ముందు లీడర్ చిన్న నోటుపుస్తకం తీసి లెక్క మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ తమ అంకె చెప్పారు. టీచరమ్మ పద్దెనిమిది అన్నారు, నేను పందొమ్మిది అన్నాను, ఆయన పుస్తకం మూశారు.