పెనం చప్పుడు వినబడాలి: ఆక్రన్ నుంచి సాల్ట్ లేక్ దాకా బర్గర్ల దారి

చీజ్ బర్గర్ 11 డాలర్ల 49 సెంట్లు. ఒహాయోలో ఒక హైవే ఎగ్జిట్ పక్కన, పెట్రోల్ బంకుకు ఆనుకుని ఉన్న ఒక చిన్న చైన్ తాలూకు శాఖ అది. పేరు చెప్పను. బోర్డు మీద మాత్రం పాత రోజుల బొమ్మ, పాత రోజుల అక్షరాలు. ఆర్డర్ చెప్పిన నిమిషంన్నరలో పొట్లం చేతికొచ్చింది. ఆ వేగం చూసే అనుమానపడాల్సింది. రెండు మూడు ఔన్సుల పచ్చి మాంసం పెనం మీద రెండు వైపులా కాలడానికి ఎంత తొందరపడ్డా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అంతకన్నా ముందే వచ్చిందంటే ఎప్పుడో కాల్చి, వేడి డ్రాయర్‌లో ఆవిరి పట్టించి ఉంచిన ప్యాటీ, అంటే బర్గర్‌లోని మాంసపు బిళ్ళ అన్నమాట. విప్పి చూస్తే అదే: అంచు నుంచి నడిమి దాకా ఒకే బూడిదరంగు, ఎక్కడా గోధుమరంగు పెచ్చు లేదు, అడుగు బన్ను తడిసి వేలికి అంటుకుంటోంది.

అందుకే అమెరికాలో చిన్న చిన్న ప్రాంతీయ చైన్ల బర్గర్ల కోసం తిరిగేవాళ్ళకు మొదటి మాట: లోపలికి అడుగుపెట్టగానే చెవులు పెట్టండి. అట్లకాడ పెనానికి రాసుకునే చప్పుడు వినబడకపోతే బయటికి నడవండి. ఇంకోటి, ఊళ్ళో పాత శాఖ ఉండగా హైవే మీది కొత్త శాఖకు వెళ్ళొద్దు. ఆరేడు మైళ్ళు కలిసొస్తాయని చూసుకుంటే పోయేది రుచి.

మేలైన చోట్లలో మొదటిది ఆక్రన్‌లో స్వెన్సన్స్. 1934 నాటిది, ఈశాన్య ఒహాయోలో పుట్టిన డ్రైవ్ ఇన్ చైన్. లోపల కూర్చునే చోటు ఉండదు. కారు ఆపి హెడ్‌లైట్లు వేస్తే కుర్రాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తారు, నిజంగానే పరుగు. తెలియనివాళ్ళు లైట్లు వేయకుండా పది నిమిషాలు కూర్చుని, ఎవరూ పట్టించుకోవట్లేదని విసుక్కుంటారు. తప్పు కుర్రాళ్ళది కాదు, వేయని లైట్లది.

ఇక్కడ తినాల్సింది గ్యాలీ బాయ్. రెండు ప్యాటీలు, చీజ్, రెండు రకాల సాస్‌లు. ఒకటి తెల్లగా, టార్టర్ సాస్‌ను తలపించే పులుపుతో. రెండోది బార్బెక్యూ వైపు మొగ్గిన తీపితో. పైన పుల్లకు గుచ్చిన పచ్చ ఆలివ్ ఒకటి. బన్ను కొంచెం తియ్యగా, వెన్నతో కాల్చి ఉంటుంది. ఇందులో లెట్యూస్, టొమాటో వేయించుకోవద్దు. రెండు సాస్‌లూ మాంసం కారిన జిడ్డుతో కలిసి ఒకటవ్వాలి, టొమాటో నీళ్ళు చేరితే అవి పలచబడి మోచేతి దాకా కారుతాయి. కెచప్ అసలే వద్దు, తీపి మీద తీపి. పక్కన పొటాటో టీజర్స్ తీసుకోండి: బంగాళదుంప, చీజ్, హాలపీన్యో మిరప కలిపి వేయించిన చిన్న ఉండలు. లోపలి చీజ్ బాగా మరుగుతుంటుంది, మొదటిది కొరికేముందు రెండు నిమిషాలు ఆగాలి. ఇద్దరికి రెండు బర్గర్లు, ఒక టీజర్స్, ఒక షేక్, పరిగెత్తిన కుర్రాడికి టిప్పు, అన్నీ కలిపి ముప్ఫై డాలర్ల చుట్టూ లెక్కేసుకోండి. సేవలో ఈ దారి మొత్తం మీద దీన్ని మించింది లేదు. రుచిలో మాత్రం మొదటి స్థానం ఇవ్వలేను, తీపి కాస్త ఎక్కువ.

ఒహాయోలో ఇంకో చిన్న లెక్క. ఈ రాష్ట్రంలో బయటికి పట్టుకెళ్ళే తిండి మీద అమ్మకపు పన్ను లేదు, అక్కడే కూర్చుని తింటే ఉంది. కౌంటర్ దగ్గర "ఇక్కడా, తీసుకెళ్తారా" అని అడిగేది అందుకు కూడా. అలాగని నలభై సెంట్లు, యాభై సెంట్లు మిగులుతాయని పొట్లం కట్టించుకుని మోటెల్ గదికి మోసుకెళ్తే మూర్ఖత్వమే. పొట్లంలో బర్గర్ తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. పది నిమిషాల్లో పెచ్చు మెత్తబడిపోతుంది, ఆ తర్వాత ఏ ఊరి బర్గరైనా ఒకటే.

ఆక్రన్ నుంచి లైమాకు రెండున్నర గంటల పైన. అక్కడ క్యూపీ. ఒకప్పుడు చాలా ఊళ్ళలో ఉన్న పేరు, ఇప్పుడు లైమాలో మూడు శాఖలు. ఊరి నడిబొడ్డున ఉన్నదానికే వెళ్ళండి, తెల్లటి పాత భవనం, గుమ్మం పైన బుగ్గల పసిపాపలాంటి క్యూపీ బొమ్మ. ప్యాటీ చదరంగా ఉంటుంది, మూలలు బన్ను దాటి బయటికి వస్తాయి. వెండీస్ అనే పెద్ద బర్గర్ చైన్ పెట్టిన డేవ్ థామస్ చిన్నప్పుడు మిషిగన్‌లో క్యూపీ బర్గర్లు తిన్నవాడే. వెండీస్ చదరపు ప్యాటీ ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. బర్గర్ శుభ్రంగా, సాదాగా ఉంటుంది. వెంట వచ్చినవాళ్ళలో ఒకరు "దీనికోసమా ఇంత దూరం" అని ముఖం ముడిచారు, "షుగర్ క్రీమ్ పై" అనే పంచదార, మీగడల తీపి వంటకం ముక్క వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

లైమా నుంచి ఐ-75 హైవే పట్టుకుని ఫ్లింట్‌కు మూడు గంటలు. టొలీడో దాటాక యూఎస్-23 ఎక్కితే డెట్రాయిట్ ట్రాఫిక్ తప్పుతుంది. ఫ్లింట్‌లో హాలో బర్గర్. ఇదీ 1923లో క్యూపీగా మొదలైనదే, 1967లో పేరు మారింది. మిషిగన్ తప్ప బయట పెద్దగా కనబడని ఆలివ్ బర్గర్ కోసం రావాలిక్కడికి. తరిగిన పచ్చ ఆలివ్‌లు, మయొనీస్, వేడి ప్యాటీ, అంతే. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఉప్పునీటిలో ఊరిన పులుపు మాంసపు కొవ్వును భలే కోస్తుంది. పేచీ ఎక్కడొస్తుందంటే ఆలివ్‌లను సరిగా వడకట్టకపోతే ఆ ఉప్పునీరు అడుగు బన్నులోకి దిగి రెండో కాటుకే చిరిగిపోతుంది. కాబట్టి చేతికి రాగానే తినాలి. ఉప్పు ఇప్పటికే చాలినంత ఉంటుంది, పికిల్ వద్దనండి, ఫ్రైస్ మీద అదనంగా చల్లుకోకండి. తాగడానికి బాస్టన్ కూలర్: పేరు బాస్టన్‌దైనా పుట్టుక డెట్రాయిట్ ప్రాంతానిది, వెర్నర్స్ జింజర్ ఏల్‌లో వెనిలా ఐస్‌క్రీమ్ కలిపి ఇస్తారు. అల్లం ఘాటు ఆలివ్ ఉప్పును కడిగేస్తుంది. మిషిగన్‌లో వండిన తిండి మీద 6 శాతం పన్ను, తీసుకెళ్ళినా పడుతుంది.

ఇక్కణ్ణించి ఓక్లహోమా సిటీకి విమానమే మేలు. ఈ దారిలో నా ఓటు పూర్తిగా పడేది ఓక్లహోమాకే.

ఆనియన్ బర్గర్‌కు పుట్టిల్లు ఎల్ రీనో, ఓక్లహోమా సిటీకి పడమరగా ఐ-40 మీద అరగంట. 1922లో రైల్వే వర్క్‌షాపుల కార్మికులు సమ్మెకు దిగిన కాలం, చేతుల్లో డబ్బు ఆడని రోజులు. మాంసం పిరం, ఉల్లిపాయ చవక. కాస్తంత మాంసంలో అంతే ఉల్లిపాయ అదిమి పెద్దగా కనబడేలా చేశారు. పేదరికం పోయినా రుచి నిలిచిపోయింది. ఎల్ రీనోలోవి చైన్లు కావు, రాబర్ట్స్ గ్రిల్, జానీస్, సిడ్స్ అని విడివిడి దుకాణాలు. రాబర్ట్స్ 1926 నుంచీ ఉంది. ఓక్లహోమా సిటీలో అదే పద్ధతిని పట్టుకున్న చిన్న చైన్ టకర్స్ ఆనియన్ బర్గర్స్. రెండూ తిని పోల్చుకోండి, ఒక్కరోజులో అయిపోతుంది.

కౌంటర్ ముందు స్టూలు దొరికితే వదలకండి, చూడాల్సిందంతా పెనం మీదే. నిమ్మకాయకన్నా పెద్ద మాంసపు ఉండ ఒకటి కాగిన పెనం మీద పడుతుంది. దాని మీద గుప్పెడు ఉల్లి, అవతలి వెలుగు కనబడేంత పలచగా కోసినది. తర్వాత బరువైన అట్లకాడతో ఒక్క నొక్కు. రెండో చేతి బలం కూడా వేస్తారు. ఉల్లి మాంసంలోకి దిగి అతుక్కుపోతుంది. అంచులు లేసులా పలచబడి కరకరలాడేదాకా కదపరు. ఆపైన అడుగు గీరుతూ ఒక్క విసురులో తిరగేస్తారు. ఇప్పుడు ఉల్లి పెనం మీద, మాంసం పైన. చీజ్ ముక్క పడుతుంది, దాని మీద బన్ను పై చిప్ప, కొందరు అడుగు చిప్ప కూడా. మాంసం నుంచి కారే కొవ్వులో ఉల్లి వేగుతుంటే లేచే ఆవిరి బన్నులోకి ఎక్కుతుంది. ఉల్లి కొన్నిచోట్ల తేనెరంగు, కొన్నిచోట్ల నల్లబడిన అంచు, మధ్యలో కొంచెం మెత్తదనం: మూడూ ఉంటేనే లెక్క.

ఇది చెడేదీ ఉల్లి దగ్గరే. మందంగా కోస్తే పైన మాడి లోపల పచ్చివాసన వేస్తుంది. పెనం చాలినంత కాగకపోతే ఉల్లి నీరు వదిలి మాంసం వేగాల్సింది పోయి ఉడుకుతుంది. రద్దీ వేళ పెనమంతా నింపేసినప్పుడు జరిగేది ఇదే, అందుకే మధ్యాహ్నం పన్నెండున్నరకు కాక పదకొండుకో, రెండున్నరకో వెళ్ళండి. "ఉల్లి లేకుండా" అని అడిగే ఉద్దేశం ఉంటే ఎల్ రీనో రానేవద్దు. పైన ఆవాలతో చేసిన పసుపు మస్టర్డ్ గీత, పికిల్ చాలు. మే నెల మొదటి శనివారం ఊళ్ళో ఆనియన్ బర్గర్ పండగ, ఎనిమిది వందల పౌండ్ల పైబడిన బర్గర్ ఒకటి కాలుస్తారు. చూడ్డానికి సరదా, తినాలనుకుంటే మాత్రం మామూలు రోజే.

బీఫ్ తిననివాళ్ళు వెంట ఉంటే ఇక్కడ ఒక మాట. గ్రిల్డ్ చీజ్ దొరుకుతుంది కానీ చాలాచోట్ల అదే పెనం మీద, అదే కొవ్వులో కాలుతుంది. మొహమాటపడకుండా ముందే అడగండి, ఫ్రైస్ వేయించే నూనె గురించి కూడా. సమాధానం నసిగితే మిల్క్‌షేక్‌తో సరిపెట్టుకుని తర్వాతి ఊళ్ళో తినడం నయం.

ఓక్లహోమా సిటీ నుంచి ఆల్బకర్కీ 540 మైళ్ళ పైన, ఒక్క బిగిన నడపొద్దు. మధ్యలో టెక్సస్ ఉత్తరపు కొస అయిన పాన్‌హ్యాండిల్‌లో దిగిన మోటెల్ ఈ యాత్ర మొత్తానికి మచ్చ. ఫోన్‌లో చూపింది 64 డాలర్లు. 15 శాతం బస పన్నుతో 73.60 అయింది, అది న్యాయమే. గొడవ పన్ను గురించి కాదు. చేరాక "డిపాజిట్" అని 50 డాలర్లు కార్డు మీద పట్టి ఉంచారు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా లేదు. గదిలో ఏసీ పెట్టె లారీలా మోగింది. "బ్రేక్‌ఫాస్ట్ ఉచితం" అంటే పొద్దున చూస్తే ఒక డబ్బా కార్న్‌ఫ్లేక్స్, పాలు అయిపోయాయి. కౌంటర్‌లో మనిషి తల ఎత్తకుండానే "తొమ్మిదికి ఇంకా వస్తాయి" అన్నాడు, చెకౌట్ పది. ఇలాంటిచోట డిపాజిట్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, ఇవ్వాల్సొస్తే డెబిట్ కార్డు కాక క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్‌లో పట్టిన సొమ్ము తిరిగి రావడానికి రోజులు పడుతుంది.

ఆ కోపమంతా ఆల్బకర్కీలో దిగిపోయింది. బ్లేక్స్ లోటాబర్గర్, 1952 నుంచీ న్యూ మెక్సికోది. కొవ్వు, చీజ్, మధ్యలో కాల్చి తరిగిన గ్రీన్ చిలీ. నిప్పుల మీద పచ్చిమిర్చి, వంకాయ కలిపి కాల్చినప్పుడు లేచే వాసన తెలిసిన ముక్కుకు ఇది కొత్త దేశం కాదు. గుంటూరు కారం అలవాటైనవాళ్ళకు మంట తక్కువే, పొగవాసనే ఇక్కడ అసలు సరుకు. మెనూలో పెద్దది లోటా, చిన్నది ఇట్సా; మొదటిసారైతే చిన్నది చాలు, ఎందుకంటే చిన్నదాంట్లో చిలీ వాటా ఎక్కువనిపిస్తుంది. చీజ్‌తో పాటు గ్రీన్ చిలీ అని విడిగా చెప్పాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే ఊరంతా తిరిగే డ్రమ్ముల్లో చిలీ కాలుస్తుంటారు. బీఫ్ తినని తోటి ప్రయాణికుడికి గ్రీన్ చిలీ, బీన్స్ రొట్టెలో చుట్టిన బరిటో దొరికింది, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పాట అందుకున్నాడు.

ఆల్బకర్కీ నుంచి మోవాబ్ మీదుగా సాల్ట్ లేక్ సిటీ: రెండు రోజులు, దారి అందం, చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

సాల్ట్ లేక్‌లో క్రౌన్ బర్గర్స్, 1978లో గ్రీకు కుటుంబం మొదలుపెట్టింది. చీజ్ బర్గర్ మీద పెనంపై వేడి చేసిన పాస్ట్రామీ, అంటే మసాలా పట్టించి పొగబెట్టిన బీఫ్, పలచటి పొరలు, కుప్పగా. పేరు క్రౌన్ బర్గర్. ఈ ఆలోచన దక్షిణ కాలిఫోర్నియా గ్రీకు దుకాణాల నుంచి ఉటాకు వచ్చి ఇక్కడి సొంతమైపోయింది. నమలడం దగ్గర చిన్న ఒడుపు ఉంది. పాస్ట్రామీ పొర మొత్తం ఒక్క కాటుకే జారి బయటికొచ్చేస్తుంది. కాగితం సగం దాకే విప్పి, బన్నును అరచేత్తో ఒకసారి గట్టిగా అదిమి, నారకు అడ్డంగా కొరకాలి. ఉప్పు, మిరియాలు బలంగా ఉంటాయి, కాబట్టి షేక్ కన్నా నీళ్ళు ముందు తెచ్చుకోండి. ఒకటి ఇద్దరికి సరిపోతుంది. ఫ్రైస్‌తో వచ్చే ఫ్రై సాస్‌ను, అంటే మయొనీస్, కెచప్ కలిపి రాష్ట్రమంతా పూజించే గులాబీరంగు సాస్‌ను, బర్గర్‌లోకి పూయకండి. లోపల ఆ బాపతు సాస్ ఇప్పటికే ఉంది.

ఉటాలో ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. శనివారం రాత్రి సాల్ట్ లేక్ చేరేలా లెక్కేసుకున్నవాళ్ళు ఆ రాత్రే తినాలి, లేదా సోమవారం దాకా ఆగాలి. మిగిలిన సగం బర్గర్‌ను హోటల్ మైక్రోవేవ్‌లో పెట్టి రేపు తిందామనుకుంటే, పాస్ట్రామీ తోలులా గట్టిపడుతుంది.