వేడర్స్‌కి జిప్పు: ఉన్నందుకు సంతోషం, తంటా కూడా దాంతోనే

ఫ్లై ఫిషింగ్‌కి, అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో చేపలు పట్టడానికి వెళ్లేవాళ్లకి వేడర్స్, అంటే నీళ్లలో దిగడానికి పాదాల నుంచి ఛాతీ దాకా తొడుక్కునే నీళ్లు చొరని లాగు, ఎన్ని పొరల బట్టతో కుడతారో నేను చెప్పక్కర్లేదు. నా మాటంతా ముందువైపు ఛాతీ నుంచి కిందిదాకా ఉండే ఆ జిప్పు గురించే. జిప్పు లేని మోడల్ కన్నా బాగా ఎక్కువ పెట్టి కొన్నాను. "జిప్పుకేనా ఇంత డబ్బు!" అంది మా ఆవిడ.

మార్చిలో గన్‌పౌడర్ ఏట్లో దిగితే ఎందుకో తెలుస్తుంది. మేరీల్యాండ్‌లోని ఈ ఏటికి నీళ్లు ప్రెట్టీబాయ్ డ్యామ్ అడుగు నుంచి వస్తాయి. అందుకే మండువేసవిలో కూడా చల్లగా ఉండి, బ్రౌన్ ట్రౌట్ అనే చేప అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతుంది. మార్చిలోనైతే నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి కాస్త అటూ ఇటూ. ఒంటిమీద ఉన్ని బనీను, ఫ్లీసు, వేడర్స్, జాకెట్టు. ఫ్లాస్కు నిండా టీ. పైగా నాకు షుగరు, మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వస్తుంది. పాతవాటితో అయితే ప్రతిసారీ గట్టెక్కి, అన్నీ విప్పి, భుజం పట్టీలు జార్చుకుని ఆ చలిగాలిలో నిలబడాలి. ఈలోపు బ్లూ వింగ్డ్ ఆలివ్ పురుగులు లేచి, చేపలు పైకొచ్చి తినే ఆ కాసేపూ గడిచిపోయేది. ఈ జిప్పు నాకు తెచ్చిపెట్టింది ఆ కాసేపే. అయితే నడుం బెల్టు జిప్పు మీంచే పోతుంది. కాలు జారితే లోపలికి నీళ్లు పోకుండా కాపాడేది ఆ బెల్టే, కాబట్టి మానలేం. కొత్తలో స్నేహితులకి "ఒక్క లాగు లాగితే చాలు" అని చెప్పుకుని తిరిగాను గానీ, బెల్టు, జాకెట్టు లెక్కేస్తే మూడు పనులు.

ఇక అసలు సంగతి. ఒక మార్చి పొద్దున మేస్‌మోర్ రోడ్డు దగ్గర జిప్పు బొడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. వేళ్లు కొంకర్లు పోయాయి. అవతలి ఒడ్డున చేపలు వరసగా పైకి లేస్తున్నాయి, మధ్యలో నడుం లోతు నీళ్లు. మోకాలు దాటి దిగలేక అలా చూస్తూ నిలబడ్డాను. అటుగా వస్తున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి, నవ్వకుండా, జేబులోంచి లిప్ బామ్ తీసిచ్చి పళ్ల మీద రుద్దమన్నాడు. రెండు నిమిషాల్లో కదిలింది! అది ఆపద్ధర్మానికే. ప్లాస్టిక్ పళ్లకైతే సిలికాన్ గ్రీజు, ఇత్తడి పళ్లకైతే మైనం ఎప్పటికప్పుడు రాస్తూ ఉండాలి.

ఆ తర్వాతి చలికాలానికి కారడం మొదలైంది. లోపలివైపు రబ్బింగ్ ఆల్కహాల్ చల్లి చూస్తే కుట్లు, బట్ట అన్నీ బాగున్నాయి, జిప్పు కింది కొస దగ్గర మాత్రం నల్లగా మచ్చ తేలింది. కంపెనీకి రాస్తే, కుట్లకి వారంటీ ఉందట, జిప్పు అరుగుదల కిందికి వస్తుందట. డబ్బు కట్టి ఫిబ్రవరిలో పంపాను. తిరిగొచ్చేసరికి ఏప్రిల్‌లో వచ్చే హెండ్రిక్సన్ పురుగుల కాలం కాస్తా అయిపోయింది. ఆ వసంతమంతా టీ మానేసి పాత వేడర్స్‌తోనే నెట్టుకొచ్చాను.

మళ్లీ కొంటానా? నా వయసుకి, నా షుగరుకి బహుశా కొంటాను, అదీ జిప్పు మార్చడానికి ఎంతవుతుందో ముందే అడిగి. మీరు కుర్రవాళ్లయి, మే తర్వాతే ఏట్లో దిగేవాళ్లయితే జిప్పు లేనివి చాలు. మిగిలిన డబ్బుతో మేకులున్న బూట్లు కొనుక్కోండి. 2011 నుంచి ఇక్కడ ఫెల్టు (నొక్కి చేసిన మందపాటి ఉన్నిలాంటి గుడ్డ) అడుగుల బూట్లు నిషేధం, ఉత్త రబ్బరు ఆ రాళ్ల మీద నిలవదు.