పక్షవాతం తర్వాత: మంచమా, కదలికా?

హనుమకొండలో మా పెద్దనాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు చుట్టాలందరిదీ ఒకటే మాట: "కదిలించవద్దు." మంచం మీద ఉంచడం తేలికే. కానీ మెదడు దెబ్బతిన్నాక రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి, వాపును (పైకి కనిపించేది కాదు) ప్రేరేపించే రసాయనాలు పెరిగి కండరాల ప్రోటీన్‌ను కరిగిస్తాయి. పడక ఆ నష్టాన్ని పెంచుతుంది. చచ్చుబడిన కాలే కాదు, బాగున్న కాలూ సన్నబడుతుంది.

వ్యాయామం కండను కొంత నిలబెడుతుంది. పనిచేసే కండరం వాపును తగ్గించే పదార్థాలనూ విడుదల చేస్తుంది. అలాగని తొందర కూడదు. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి పదేపదే లేపి నడిపిస్తే కోలుకోవడం తగ్గిందని 2015లో అవర్ట్ అనే పరిశోధన చూపింది. నా ఓటు ఫిజియోథెరపిస్టు చెప్పినంత కదలికకే. కండకు ప్రోటీన్ ఇచ్చే పప్పు, గుడ్డు కూడా కావాలి, మింగగలరో లేదో వైద్యులు చూశాకే.